ఫెర్రీ దాటొచ్చిన చేపలు

మా పక్కింటి అత్త సోమవారం పొద్దున పోయింది. గుండె ఆగిందని డాక్టరు చెప్పారు. అయినా అండమాన్‌లోని మా బాంబూఫ్లాట్ వీధిలో ముందుగా వినబడిన మాట, "పాత టీబీ తిరగబెట్టిందేమో" అని.

ఆమె నాకు చుట్టం కాదు. సిక్కోలు వైపు నుంచి వచ్చిన కుటుంబం. గంపతో ఇల్లిల్లూ తిరిగి చేపలు అమ్మేది. నాలుగేళ్ల క్రితం టీబీ అని తేలింది. ఆరు నెలలు ఒక్క రోజు మానకుండా మందులు వేసుకుంది. ఇక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పినా, వీధిలో ఎవరమూ ఆమె దగ్గర కొనలేదు.

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. శనివారం మా ఇంట్లో భజన అయ్యాక అందరికీ ప్రసాదం చేతిలో పెట్టి, ఆమెకు మాత్రం జానెడు పైనుంచి జారవిడిచేదాన్ని. పులిహోర సగం నేల మీద పడేది. ఒకరోజు మెతుకులు ఏరుకుంటూ, "సెయ్యి కిందకి దించు పాపా, నాను సొరసేపను కాను, కొరకను" అంది. అందరూ నవ్వారు. ఆ మరుసటి వారం నుంచి అరచేతిలోనే పెట్టాను.

ఇక్కడ కొనేవాళ్లు లేక గంపను ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ పంపేది. అక్కడి బజారులో ఆమె చెల్లెలు అమ్మేది. ఎదురింటావిడ భర్త ఆఫీసు నుంచి వస్తూ ఆ చెల్లెలి దగ్గరే కొనేవాడు.

"అరే అత్తా, అక్కడి చేపలు ఏక్‌దమ్ తాజా!" అని ఎదురింటావిడ గొప్పగా చెప్పేది.

"ఉండదేటమ్మా, సముద్రం గాలి రెండుసార్లు తగిలింది కదా" అనేది అత్త.

నిజం చెప్పెయ్యమని నేనంటే, "ఛోడో పాపా, తిననీ. తెలిస్తే కక్కుతాది" అంది. ఏడాది గడిచాక కొందరు మళ్లీ ఆమె దగ్గర కొన్నారు. ఎదురింటావిడ కొనలేదు.

సోమవారం ఆమెకు చివరి స్నానం చేయించాలి. ఆడవాళ్లంతా గేటు దగ్గరే ఆగిపోయారు. లోపల ఆమె కోడలు ఒక్కతే బిందె పట్టుకుని మా వైపు చూస్తోంది. దేవుణ్ణి తలుచుకుని అడుగు వేశాను. ఎదురింటావిడ నా చెయ్యి పట్టుకుంది.

"దీదీ, వద్దు. రోగం మనిషి."

"ఏడాది పాటు మీరు మెచ్చుకుంటూ తిన్నవి ఈవిడ చేపలేనమ్మా" అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలేసింది. తర్వాత నా వెనకే వచ్చి కోడలి చేతిలోంచి బిందె అందుకుంది.

ఆవిడ నీళ్లు పోస్తుంటే నేను పసుపు రాశాను. అత్త మోచేతి దగ్గర చేప పొలుసు ఒకటి అంటుకుని మెరుస్తోంది. ఆదివారం కూడా గంప ఎత్తిందన్నమాట. ఎన్ని నీళ్లు పోసినా అది పోలేదు. మేమిద్దరం దాన్ని తీయలేదు.