బావ చేతికే వినే గేరు

గొంతులో చిన్న ఆపరేషన్ చేసి, ఆరు వారాలు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. గుసగుస కూడా వద్దన్నాడు. మామూలు మాటకంటే గుసగుసే గొంతుకు ఎక్కువ చేటట. గుంటూరు బ్రాడీపేట కోచింగ్ సెంటర్లలో ఇరవై ఎనిమిదేళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి నేను. రోజుకు తొమ్మిది గంటలు మాట్లాడడం తప్ప నాకు వేరే పని రాదు. మొదటి వారంలో ఇంట్లో ఫ్యాన్లన్నీ విప్పి తుడిచాను. రెండో వారం గ్యాస్ స్టవ్ విప్పి, మళ్లీ బిగించలేక కూర్చుంటే మా ఆవిడ వచ్చి చూసింది.

"కొన్నాళ్లు వదినగారి ఊరెళ్లి రండి. అక్కడైతే విప్పుకోడానికి లారీ ఉంది" అంది.

ఎగతాళికే అంది. నేను మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

మా అక్క ఊరు అద్దంకికి దగ్గరే. మిరప, పొగాకు, కొద్దిగా పత్తి. మూడేళ్ల కిందట పోయిన మా బావకు సేద్యం మీద కంటే లారీ మీదే ధ్యాస. మిర్చి బస్తాలు గుంటూరు యార్డుకు, పత్తి బోరాలు మిల్లులకు తోలేవాడు. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు బండి అది. ఆయన బతికుండగానే రోడ్డెక్కడం మానేసి కళ్లం పక్కన రేకుల షెడ్డులో చేరింది. ఇప్పుడు తుళ్లూరు వైపు పెద్ద హోటల్ కడుతున్న ఒకాయన దాన్ని వాకిట్లో షోకు నిలబెట్టుకుంటానని అడిగాడు. క్రేన్ తెచ్చి ఎత్తుకుపోతానన్నాడు. అక్క ఒప్పుకోలేదు.

"నలభై ఏళ్లు నడిచిన బండి. నడుచుకుంటూనే పోవాల. శవాన్ని మోసినట్టు మోసుకుపోతానంటే నేనియ్యను" అంది.

హోటల్ ప్రారంభానికి ఇంకా నెల ఉందని ఆయన సరేనన్నాడు. అద్దంకిలో ఒక మెకానిక్కు ఈ పని అప్పజెప్పింది అక్క. డెబ్బై దాటిన మనిషి, అందరూ మేస్త్రీ అంటారు. నేను వెళ్లేసరికి ఇంజన్‌కు ప్రాణం పోశాడు. మిగిలింది గేర్‌బాక్స్. ఏళ్ల తరబడి కదలని బండి కాబట్టి లోపలి నూనె జిగురైపోయి ఉంటుంది, తీసి కొత్తది పోయాలి. "రేపు పని ఉంది, ఎల్లుండొస్తా. అప్పటిదాకా దాన్ని ముట్టుకోబాకండి మాస్టారూ" అని చెప్పి వెళ్లాడు.

ఎల్లుండి అంటే నాకు ఏడాది లెక్క. మాట లేకపోతే పగలు ఇంత పొడుగుంటుందని నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. షెడ్డులోకి వెళ్లడం, బండి చుట్టూ తిరగడం, కళ్లంలోకి రావడం. ఎండలో మిరపకాయలు పరిచి ఉన్నాయి. ఆ ఘాటుకు దగ్గు వస్తే ఆపరేషన్ చేసిన చోట ఏమవుతుందోనని మూతికి తువ్వాలు చుట్టుకుని మళ్లీ షెడ్డులోకి. చివరికి బండి కింద గోనెపట్టా పరుచుకుని దూరాను.

వచ్చేటప్పుడు గుంటూరులో పాత స్పేర్ పార్టుల దుకాణంలో ఈ రకం లారీ పుస్తకానికి జిరాక్స్ సంపాదించాను. అందులో చెప్పిన చిక్కటి నూనె డబ్బా కూడా తెచ్చాను. పుస్తకం ప్రకారం గేర్‌బాక్స్ పక్కన కంపెనీ రేకు ఉండాలి. రేకు లేదు, రెండు రివిట్ల చిల్లులున్నాయి. కిరోసిన్ గుడ్డతో, తీగ బ్రష్షుతో మడ్డి గీకితే ఇనుములో పోతపోసిన అంకెలు బయటపడ్డాయి. అవి పుస్తకంలో లేవు. బొమ్మలో పైమూతకు ఎనిమిది బోల్టులు. నా కళ్ల ముందున్నదానికి పది. రెండుసార్లు లెక్కపెట్టాను. లెక్క తప్పిన పిల్లవాణ్ణి క్లాసులో ఎన్నిసార్లు నిలబెట్టానో! అలాంటి నేను, బొమ్మ వేసినవాడే తప్పు వేసుంటాడని తేల్చేశాను. ఎందుకంటే నాకు అర్జంటుగా ఏదో ఒకటి విప్పాలి.

అడుగున ఉన్న బిరడా విప్పాను. నల్లటి నూనె తారులా సాగుతూ తట్టలోకి దిగింది. కొత్త నూనె పోయడానికి గేర్‌బాక్స్ పక్కన, సగం ఎత్తులో ఇంకో బిరడా ఉంటుంది. దానికి పానా పెట్టి తిప్పాను. కదల్లేదు. బలమంతా పెట్టాను. పానా జారి బిరడా పలకలు అరిగిపోయాయి, నా వేళ్లు చెక్కుకుపోయాయి. ఇప్పుడు గేర్‌బాక్స్‌లో చుక్క నూనె లేదు, పోసే దారీ లేదు.

మేస్త్రీ వచ్చి తట్టలోని నూనె చూశాడు, అరిగిన బిరడా తడిమాడు.

"పోసే బిరడా ఊడిద్దో లేదో చూసుకున్నాకే కింది బిరడా మీద చెయ్యెయ్యాలండి. ఈమాత్రం నా దగ్గర చేరిన మొదటి రోజే చెప్తాను ఎవడికైనా" అన్నాడు.

జేబులోని చిన్న పుస్తకం తీసి 'క్షమించండి' అని రాసి చూపించాను.

"చదువుకున్నోళ్లు గదా, రాసి చూపిస్తారు" అన్నాడు అక్క వైపు తిరిగి. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అరిగిన బిరడా సంగతి తర్వాత చూద్దామని మేస్త్రీ ముందు పైమూత తీశాడు. క్యాబిన్‌లో కాళ్ల కింద రేకు ఎత్తి, ఆ పది బోల్టులూ విప్పి, గేరు రాడ్డుతో సహా మూతను పక్కకు పెట్టాడు. టార్చి వేసి లోపలికి వంగాడు. 

"అమ్మా, ఇట్రండి. ఇది మీ బండి గేర్‌బాక్స్ కాదు" అన్నాడు.

అక్క మెట్టెక్కి తొంగిచూసింది. నేను అవతలి తలుపు నుంచి చూశాను. నల్లటి పళ్ల చక్రాల మధ్య పసుపుపచ్చగా మెరుస్తూ ఇత్తడి రింగులు.

"ఈ రకం పాత బండ్లకు ఈ రింగులుండవు. క్లచ్ రెండుసార్లు తొక్కి, ఇంజన్ చప్పుడు చెవితో కొలుచుకుని గేరెయ్యాలి. కాస్త తేడా వచ్చినా కరకరమని పళ్లు నలుగుతాయి. ఈ రింగులున్నాయనుకోండి, అవే రెండు చక్రాల వేగం కలిపేస్తాయి. ఎవరేసినా చప్పుడు రాదు. ఎవరో తర్వాతి కాలం బండిది తెచ్చి దీనికి ఎక్కించారు."

అక్క నాకేసి చూసింది. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. గేరు చప్పుడు కాకుండా వెయ్యడంలో మా బావకు ఈ చుట్టుపక్కల పేరు. పెళ్లిళ్లలో, టీ బంకుల దగ్గర ఆయన చెప్పే మాట ఒకటే: "ఆ గేరు నా చేతికే వింటది." డ్రైవర్ని పెట్టుకోలేదు, క్లీనర్లను స్టీరింగ్ ముందు కూర్చోనివ్వలేదు. అక్క పెళ్లయిన కొత్తలో నేర్పమని ఒకసారి, పొలానికి ట్రాక్టర్ కొన్నప్పుడు ఇంకోసారి అడిగింది. "నీవల్ల కాదులే, పళ్లన్నీ నలిపేస్తావు" అన్నాడట.

"పెద్దోడు పుట్టిన ఏడు వినుకొండ అవతలికి పోయి తొమ్మిది రోజులు రాలేదు. పత్తి లోడు దొరకలేదన్నాడు. వచ్చినకాణ్ణించి బండి అరవడం మానేసింది. ఇంత మంచి డ్రైవరు ఎట్టయిపోయాడా అనుకున్నాను" అంది అక్క నెమ్మదిగా.

మేస్త్రీ నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. అక్క మెట్టు దిగి కళ్లంలోకి వెళ్లింది. ఆ సాయంత్రం వరకూ మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ కూర్చుంది. అన్నానికి పిలవడానికి నా దగ్గర గొంతు లేదు. వెళ్లి ఎదురుగా నిలబడితే, "నువ్వు తినరా, నాకు ఆకలిగా లేదు" అంది.

మర్నాడు మేస్త్రీ నేను తెచ్చిన నూనె డబ్బా మూత తీసి వాసన చూసి పక్కన పెట్టేశాడు.

"ఇందులో గంధకం మందు ఎక్కువండి. బరువుకు మంచిదే, కానీ ఆ ఇత్తడిని తినేస్తది. డబ్బా మీద జీఎల్-ఫోర్ అని రాసుండాలి, తొంభై నంబరు. మీరు తెచ్చింది ఫైవ్."

అద్దంకిలో మూడు షాపులు తిరిగాను. అడగాలంటే చీటీ చూపించాలి. ఒకడు చీటీ చదివి, నేను చెవిటివాణ్ణనుకుని "లేదండీ!" అని అరిచాడు. దొరికింది గుంటూరులోనే. ఆ వారంలో అటూ ఇటూ మూడుసార్లు బస్సెక్కాను. రెండుసార్లు అవసరమై, ఒకసారి ఊరికే. ఈలోగా మేస్త్రీ వెల్డింగ్ వాణ్ణి తీసుకొచ్చి, అరిగిన బిరడా మీద ఒక నట్టు అతికించి, ఆ వేడి మీదే తిప్పితే కిర్రుమంటూ ఊడొచ్చింది. డీజిల్‌తో లోపలంతా కడిగి, మూత బిగించి, పక్క రంధ్రం అంచు దాకా కొత్త నూనె పోశాం. తేనె రంగులో ఉంది.

ఆ రోజు జరిగినదానికి తప్పు నాది. తట్ట జరుపుకోడానికి అడ్డమొచ్చిందని వెనక చక్రం ముందున్న రాయి తీశాను, మళ్లీ పెట్టలేదు. కాలి బ్రేకూ, హ్యాండ్ బ్రేకూ అప్పటికే పని చెయ్యవు. బండి గేరులో ఉండబట్టి నిలబడింది. మేస్త్రీ కింద పడుకుని బిరడా కారుతోందేమో చూస్తున్నాడు, కాళ్లు చక్రం ముందుకు చాపి ఉన్నాయి. అక్క ఎప్పుడెక్కిందో ఎక్కి డ్రైవర్ సీట్లో కూర్చుంది. గేరు రాడ్డు మీద చెయ్యేసి ఊరికే అటూ ఇటూ కదిపింది. రాడ్డు మెత్తగా జారి న్యూట్రల్‌లోకి వచ్చింది. షెడ్డు నేల కళ్లం వైపు వాలు. బండి కదిలింది.

"అక్కా! గేరు! గేరెయ్యి!"

ఆ అరుపు నాదని నాకే అనిపించలేదు. గొంతులో బ్లేడు గీసినట్టయింది. అక్క కంగారుపడలేదు. క్లచ్ తొక్కింది, రాడ్డు ముందుకు నెట్టింది, కాలు ఎత్తేసింది. లారీ ఒక్క కుదుపుతో ఆగింది. చక్రానికీ మేస్త్రీ మడమకూ మధ్య బెత్తెడు కూడా లేదు.

మేస్త్రీ పాక్కుంటూ బయటికొచ్చి నేలమీదే కూర్చుని రెండు పాదాలూ తడిమి చూసుకున్నాడు. నేను రాయి తెచ్చి చక్రం ముందు పెట్టాను.  మేస్త్రీ నన్నేమీ తిట్టలేదు. పైకి చూసి అక్కను అడిగాడు.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"పక్క సీట్లో" అంది అక్క. దిగలేదు. "బ్రేకులు బాగుచెయ్యి మేస్త్రీ. తర్వాత నాకు తోలడం నేర్పు. ఈ బండి ఇచ్చేసేలోపు నేర్పాల."

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన కెమెరా పెట్టి చూసి, గట్టిగా తిట్టి, ఆరు వారాల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమన్నాడు. తర్వాత గొంతు వచ్చింది గానీ పాత గొంతు కాదు. ఇప్పుడు రోజుకు రెండు క్లాసులే చెబుతున్నాను, మైకు పెట్టుకుని. మిగతా పొద్దు ఎలా గడపాలో ఇప్పటికీ తెలియడం లేదు.

బ్రేకులయ్యాక, మిరపకాయలు ఎత్తేసిన కళ్లంలో పది రోజులు తిరిగింది అక్క. అరవై మూడేళ్ల మనిషి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, సీటు మీద రెండు దిండ్లు వేసుకుని. ఊళ్లో ఆడవాళ్లు గోడ మీంచి చూసేవారు. ఎవరో, "ఒదినా, గేరు నలుగుద్దేమో!" అని అరిస్తే, "నలగదు! ఇది ఎవరికైనా వింటది!" అని ఇంకా గట్టిగా అరిచింది.

తుళ్లూరుకు మేస్త్రీ తోలాడు. అక్క పక్కన కూర్చుంది, నేను తలుపు వైపు. చిలకలూరిపేట దాటి గుంటూరు మీదుగా వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. రాజధాని కోసం వేసి, ఇంకా వాడకంలోకి రాని వెడల్పాటి రోడ్డు ఒకటి కనిపించింది, మనిషి లేడు, బండి లేదు. మేస్త్రీ ఆపి దిగి, అటువైపు నుంచి వచ్చి ఎక్కాడు. అక్క జరిగి స్టీరింగ్ పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక్కసారి కూడా చప్పుడు రాలేదు. ఆవిడ నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది, చెయ్యి స్టీరింగ్ మీంచి తియ్యొద్దని మేస్త్రీ కేకలేస్తున్నాడు.

"తొమ్మిది రోజులు లోడు లేదన్నాడ్రా నాతో! గేర్‌బాక్స్ మార్చానని చెప్తే నేనేమన్నా కొరుక్కు తింటానా?" అంది.

రోడ్డు అయిపోయేదాకా తనే తోలింది.

లారీ ఇప్పుడు ఆ హోటల్ ముందు సిమెంటు దిమ్మె మీద ఉంది. రంగులు వేశారట. అక్క చూడ్డానికి వెళ్లలేదు. అద్దంకిలో డ్రైవింగ్ స్కూల్లో చేరింది. మొదటిసారి టెస్టు తప్పింది, వెనక్కి వస్తూ హద్దుకు పాతిన కర్ర పడగొట్టిందట. "ఆ కారు గేరు అస్సలు బాలేదురా, మేస్త్రీకి చూపించమని చెప్పా వాళ్లకి" అంది ఫోన్‌లో.

రెండో టెస్టు వచ్చే మంగళవారం.