ఏనుగు లాగినా కదలని స్తంభం

ఫిబ్రవరి నెల రెండో శనివారం, ఉదయం 6 గంటల 10 నిమిషాలు. మట్టెవాడలో పలుచని మంచు. మా వరండాలోని ఉష్ణమాపకంలో పాదరసం పదిహేడు డిగ్రీల దగ్గర నిలిచి ఉంది. గాలి లేదు. నేనూ, మా చెల్లెలి కూతురు శ్రావణీ ఆటోలో వరంగల్ స్టేషన్‌కు బయలుదేరాము. గమ్యం నెక్కొండ దాటాక ఒక పల్లెలో ఉన్న ఇనుప స్తంభం.

శ్రావణి హైదరాబాదులో భూభౌతిక పరిశోధన చేస్తుంది. అండమాన్ దీవుల కిందికి సముద్రపు అడుగుపొర చొచ్చుకుపోతూ ఉంటుంది. పై పొర, కింది పొర పట్టుకొని ఉండి, ఒక్కసారిగా విడితే భూకంపం. కొన్నిచోట్ల మాత్రం అవి వారాల తరబడి, మిల్లీమీటర్ల లెక్కన, చప్పుడు లేకుండా జారుతాయట. ఏ ఇల్లూ ఊగదు. ఉపగ్రహ సంకేతాలు అందుకునే పరికరాలే ఆ కదలికను పట్టగలవు. ముప్పై ఎనిమిదేళ్లు సర్వేయరుగా హద్దురాళ్లు పాతిన నాకు ఆ మాట మొదట మింగుడుపడలేదు.

ఆమె పరికరాలు మూడు దీవులలో ఉన్నాయి. అవి ఎంత జరిగాయో తెలియాలంటే కదలని చోటు ఒకటి కావాలి. ఆ చోటే నెక్కొండ దగ్గరి స్తంభం; దాని కొనన డబ్బాలో అలాంటి పరికరమే ఒకటి ఉంది. నాలుగేళ్ల క్రితం అక్కడి బండను ఎంచి, కదలదని రాతపూర్వకంగా హామీ ఇచ్చినవాణ్ణి నేనే.

శుక్రవారం సాయంత్రం ఆమె తన లెక్కలు చూపించింది. పందొమ్మిది రోజులలో దీవులు పడమటికి జారాయి. మూడేళ్ల శ్రమకు దక్కిన ఫలితం. వ్యాసం సోమవారం పంపాలి.

"ఏ దీవి ఎంత జారింది?" అని అడిగాను.

"మూడూ ఆరు మిల్లీమీటర్లే మామా. మంచిగ కలిసినయ్ కదా!"

పొద్దున్నే వెళ్లి స్తంభం చూసొద్దామన్నాను. మూడు ఇళ్లలోని గడియారాలూ ఒకే పది నిమిషాలు వెనుకబడి కనిపిస్తే, నేను ముందు నా చేతి గడియారాన్ని అనుమానిస్తాను.

6.55కు పాసింజరు రైలు కదిలింది. ఎదుటి బల్లపై కూర్చున్న మిరప రైతు ఒకాయన శ్రావణి ల్యాప్‌టాప్‌లోని గీతను చూసి అదేమిటని అడిగాడు. భూమి జారడాన్ని కొలిచామని ఆమె చెప్పింది.

"గదానికి సాటిలైట్ ఎందుకు బిడ్డా? మా దాయాది పాలోని గట్టు యాడాదికి జానెడు నా చెల్క భూమిలకు జరుగుతాంది. జర వచ్చి చూడు, నేనే సూపెడ్త!"

పెట్టె అంతా నవ్వింది. శ్రావణి నవ్వలేదు.

7.40కి నెక్కొండ. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాము. ఆ పల్లెలో హోటలు లేదు గనుక వెళ్లేవారు ఇక్కడే తినడం మేలు. అక్కడి నుంచి ఆటోలో ఇరవై ఐదు నిమిషాలు.

8.35కు వీధి మలుపు తిరిగాము. తూర్పు నుంచి పడమరకు వీధి పొడవునా మగ్గానికెక్కించే తెల్లని పడుగు నూలు సాచి ఉంది. ఒక స్త్రీ కుంచెతో నూలుకు గంజి పట్టిస్తోంది. పడుగు పడమటి కొసన బిగించిన తాడు సరాసరి నా స్తంభం నడుముకు కట్టి ఉంది.

చుట్టుపక్కల మగ్గాలకు పడుగులు సిద్ధం చేసే సాంబయ్య ఎదురొచ్చి, గంజి పట్టిస్తున్న ఆమెను కేకేశాడు. "ఏమే రాజవ్వా, సారొచ్చిండు, కుర్సీ ఎయ్!"

"ఆ తాడు కట్టిందెవరు?" అని శ్రావణి అడిగింది.

"మేమే బిడ్డా. ఫికర్ చెయ్యకు, మీది డబ్బను ముట్టలే. వీధిల సీసీ రోడ్డు పోసిండ్రు. ఇగ గుంజలు యాడ పాతాలె?"

"ఇంత పెద్ద ఊళ్లో ఇదొక్కటే దొరికిందా?" అన్నాను.

"మీరే అన్నరు గద సారూ, ఏనుగు గుంజినా ఇది కదలదని!"

రాజవ్వ కుంచె ఆపలేదు. "ఏనుగు గుంజలే సారూ. మేం గుంజినం."

నేను సంచి విప్పాను.

తాడు విప్పించి, స్తంభం కొన నుంచి తూకం గుండు దించాను. నాలుగేళ్ల క్రితం బండపై చెక్కిన గుర్తుకు తూర్పుగా ఆరు మిల్లీమీటర్ల దూరంలో ఆగింది. అడుగున నాలుగు బోల్టులలో రెండు వదులయ్యాయి. స్తంభం తూర్పుకు ఒరిగినంత మేరా దీవులు పడమటికి జరిగినట్టు కనబడ్డాయి. రాజవ్వ పూర్తయిన ప్రతి పడుగుకూ గోడపై ఒక బొగ్గు గీత గీసింది. రోజుకొకటి చొప్పున వెనక్కి లెక్కిస్తే, ఆమె మొదలుపెట్టిన దినమూ, శ్రావణి ల్యాప్‌టాప్‌లోని గీత వంగడం మొదలైన దినమూ ఒకటే.

ఆనాటి పడుగును ఒక ట్రాక్టరు కొక్కేనికి కట్టించాము. బోల్టులు బిగించి, కొత్త కొలత నమోదు చేసేసరికి ఒంటిగంట దాటింది. రాజవ్వ పెట్టిన జొన్నరొట్టె తినకుండా రాలేకపోయాము.

2.50కి తిరుగు రైలు. చింతలపల్లి దాటాక శ్రావణి ల్యాప్‌టాప్ తెరిచింది. తర్వాత వ్యాసం పంపడం లేదని గురువుగారికి నాలుగు పంక్తులు రాసింది.

"తప్పు నాదని రాయి," అన్నాను.

"నేను గూడ మీ మాటే నమ్మిన కద మామా. కొలిచి సూడలే."

ఆ మాట నాకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది. జీవితమంతా ఇతరుల మాటలు నమ్మక కొలతలే అడిగినవాణ్ణి; నా మాటను మాత్రం నేనెన్నడూ కొలవలేదు. సంచిలోని హామీ పత్రం నకలు తీసి, "కదలదు" అన్న పదం కొట్టివేసి, సంతకం చేసి ఆమెకిచ్చాను.

చివరికి తేలిన లెక్క ఇది: పూర్తయిన పడుగులు పందొమ్మిది. స్తంభం ఒరిగినది ఆరు మిల్లీమీటర్లు. జారిన దీవులు సున్నా.