తమ్ముడి కాయితం

మా దీవిలో వండూర్ వెళ్ళే బస్సులో పేపర్ చదువుతున్నాను. ఒకే ఏడాది పుట్టిన హీరో, గాయని, నాటక సమాజం ఒకే పేజీలో ఇరుక్కున్నారు, అచ్చం మా బస్సులాగే.

పక్క సీటు పెద్దాయన తొంగిచూశాడు. "కాయితంలో నానూ ఆ యేడే బాబూ."

"మరి మీ ఫోటో వెయ్యలేదే బాబాయ్!"

"ఆ యేడు పుట్టింది నా తమ్ముడు. మమ్మల్నిక్కడికి తెచ్చిన ఓడలో పుట్టి, వారానికే పోనాడు. పుట్టిన కాయితం ఆడికే ఉంది, నాకు నేదు. అందుకే బళ్ళో నన్ను ఆడి పేరుతోనే ఏసీసినారు. నా పేరుతో అమ్మొక్కర్తే పిలిసేది. పోయిన్నెల అమ్మా పోయింది."

పేపర్ మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆయన తన అసలు పేరు నా చెవిలో చెప్పి, "ఓపాలి పిలు భయ్యా" అన్నాడు.

బస్సంతా వినేలా పిలిచాను. ఆయన లేచి నిలబడి, చెయ్యెత్తి, "హాజర్" అన్నాడు.