గంప పట్టుకున్న చెయ్యి

"ఇంగ రోంత పక్కకు జరుపు నాయనా."

ఆళ్లగడ్డ దగ్గరి చెంచుగూడెంలో ఉండే ఆ అవ్వ గుర్తొస్తే ముందు ఈ మాటే వినిపిస్తుంది.

నంద్యాల మ్యూజియంలో పాత ఫోటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. వాటిలో చెంచుల వస్తువులవి చాలా ఉన్నాయి. వాటి గురించి అడిగి తెలుసుకుందామని ల్యాప్‌టాప్ పట్టుకుని గూడేనికి వెళ్లాను. అవ్వకు చూపు సరిగ్గా ఆనదు. అందుకే ఒక్కో ఫోటోను పెద్దది చేసి, మెల్లగా పక్కకు జరుపుతూ చూపించాను.

ఒకదానిలో వెదురు గంప ఉంది. దాన్ని ఎత్తి పట్టుకున్న మనిషి చెయ్యి మణికట్టు దాకానే పడింది. అవ్వ ముందుకు వంగింది.

"మా యమ్మ చెయ్యి. కత్తి తగిలి ఆ చిటికెనేలు వంకరపాయ. ఇంగ రోంత పక్కకు జరుపు, మొగం చూస్తా."

"ఫోటో ఆడికే అయిపాయ అవ్వా," అన్నాను.

"జరపకుండానే అయిపాయ అంటే ఎట్లప్పా?"

జరిపాను. ఫోటో అంచు దాటగానే తెర నల్లగా అయింది.

తర్వాత ఎప్పుడు వెళ్లినా ఆ ఫోటోనే తీయమనేది, జరపమనేది. మ్యూజియంలో పెట్టెలన్నీ వెతికాను. ఆ చేతి మనిషి ఇంకెక్కడా లేదు.

చివరిసారి వెళ్లినప్పుడు అవ్వ అల్లిన గంపను ఆమె చేతికే ఇచ్చి ఫోటో తీశాను. గంప సగమే పడింది, అవ్వ మాత్రం నిండుగా ఉంది. గంప మొత్తం పడేలా మళ్లీ ఫోటో తీసుకురమ్మని ఆఫీసులో విసుక్కున్నారు. ఆలోపే అవ్వ పోయింది.

ఇప్పటికీ అవ్వ ఫోటో తెరిచి, ఆ గంప దగ్గర మొదలుపెట్టి, రోంత పక్కకు జరుపుతాను.