వేరుశనగ పొట్టు, నీలి నీళ్లు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. గడియారం చూసి రాసుకుంటే ఏ పనీ చెడదని ఒకటి, చెడిందంటే అది ఇతరుల పొరపాటేనని రెండోది. డెబ్బై ఒకటో ఏట కూడా మొదటిది వదల్లేదు. రెండోదానికి మాత్రం తిరువూరులో మా మేనత్త ఇంట్లోనే గండి పడింది.

అప్పుడు నేను కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేస్తున్నాను. వేరుశనగ పొట్టును దంచి, పలచటి యాసిడ్‌లో ఒక పగలూ రాత్రీ నానబెట్టి, కడిగి ఆరబెడితే, నీళ్లలో కరిగివున్న రాగి, సీసం లాంటివాటిని అది పట్టేసుకుంటుందని నా ప్రయోగం. (పొట్టు కోసం మూడు వారాలు ఇంటిల్లిపాదీ పల్లీలు తిన్నారు. మామయ్య మానేస్తానన్నా నేను ఒప్పుకోలేదు.) యూనివర్సిటీ ప్రొఫెసరుగారు గురువారం వచ్చి చూస్తానన్నారు. పనిచేస్తే నన్ను పరిశోధనకు చేర్చుకుంటారు, లేకపోతే లేదు.

శనివారం ఉదయం ఎనిమిదీ పదికి ప్లాస్టిక్ బక్కెట్లో పొట్టు నానబోసి, పెనుగొలనులో పెళ్లికి బయల్దేరుతూ అత్తయ్యకు అప్పగించాను. "రేపు ఇదే టైముకి వంచేసి, ఐదుసార్లు కడిగి ఆరెయ్యి. చెయ్యి పెట్టకు, గరిటెతో కలుపు."

"నలుగురు పిల్లల్ని పెంచినదాన్ని, పొట్టు కడగలేనా? నువ్వెళ్లవే!"

ఆదివారం సాయంత్రం వచ్చేసరికి పొట్టు చక్కగా ఆరివుంది. కాస్త ఆకుపచ్చగా కనిపించింది, ఎండ తేడా అనుకున్నాను. గురువారం దాన్ని గాజు గొట్టంలో నింపి, ప్రొఫెసరుగారి ముందు రాగి కలిపిన నీళ్లు పోశాను. కిందికి దిగిన నీళ్లలో అమ్మోనియా వేశాను. రాగి ఉంటే నీలం రంగు వస్తుంది. రాకూడదు. వచ్చింది, పైన పోసిన నీళ్లకంటే ముదురుగా! ఆయన ఉత్త నీళ్లు పోయించారు. అవీ నీలమే.

"రాగిని తీసేస్తుందన్నావు, ఇది కలుపుతోంది కదమ్మా!" అంటూ నా నోటుపుస్తకం తిరగేశారు. "శనివారం ఎనిమిదీ పది తర్వాత ఏమీ రాయలేదేం?"

"అత్తయ్య చూసుకుందండి."

"అయితే ఆవిడనే అడుగుదాం పద."

అత్తయ్య ఆయనకు కాఫీ ఇచ్చి, సంబరంగా చెప్పింది. "యూనివర్సిటీవాళ్లు చూసే సరుకు కాళ్లు కడుక్కునే బక్కెట్లో ఉంచుతామాండీ? ఇది బస్సెక్కగానే మా పెద్ద ఇత్తడి గంగాళంలోకి మార్చేశాను. ఐదుసార్లూ అందులోనే కడిగాను. లోపల చూడండి, చింతపండు పెట్టి తోమినా ఇంత మెరుపు రాదు!"

యాసిడ్‌కు ఇత్తడిలోని రాగి కరిగి, నా పొట్టుకు పట్టలేనంతగా చేరింది. ప్రొఫెసరుగారు గంగాళంలోకి తొంగిచూసి, కాఫీ కింద పెట్టి మరీ నవ్వారు. "నీ పొట్టు రాగిని పట్టుకుంటుందమ్మా, అనుమానం లేదు. వచ్చే గురువారం మళ్లీ చూపించు."

ఆయన వెళ్లగానే అత్తయ్య మీద విరుచుకుపడ్డాను. "బక్కెట్లోనే ఉంచాలని తెలీదా?"

"ఎందుకో చెప్పావుటే నాకు?" అంది.

ఆ గురువారం అత్తయ్య కూడా ల్యాబుకొచ్చి కూర్చుంది. నీళ్లలో ఏ రంగూ రాలేదు. ప్రొఫెసరుగారు నాకు అప్లికేషను ఫారం ఇస్తుంటే, "పాపం, ఈసారి ఏమీ రాలేదేంటే?" అని నా చెయ్యి పట్టుకుంది.

అప్పటి ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే, ఒక్క నిమిషం ఆగి మీ అత్తయ్యకు సంగతంతా చెప్పి వెళ్లవే అంటాను. ఆగదని తెలుసు. పెనుగొలను బస్సు ఎనిమిదీ ఇరవై ఐదుకి.