టేపు మీద లేని మూడోవంతు

2018లో నేను కాగజ్‌నగర్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంటును. స్కూల్ అసిస్టెంటు అంటే ఆరు నుంచి పదో తరగతి దాకా ఒక సబ్జెక్టు చెప్పే టీచరు. పేరులో అసిస్టెంటు ఉంది గానీ ఎవరికీ అసిస్టెంటు కాదు, తనకూ ఒక అసిస్టెంటు ఉండడు. నాలుగేళ్లు మూతపడి ఉన్న పేపరు మిల్లు ఆ ఏడాదే మళ్లీ తెరుచుకుంది. ఊళ్లో ఎవరిని కదిలించినా అదే ముచ్చట. బతుకుదెరువు కోసం వెళ్లిపోయిన కుటుంబాలు ఒక్కటొక్కటే తిరిగొస్తున్నాయి. వాళ్లతో పాటు వచ్చిన పిల్లల్లో చాలామంది దగ్గర టీసీ లేదు.

టీసీ అంటే పాత బడి ఇచ్చే బదిలీ పత్రం. అది లేని పిల్లలకు ఎంట్రీ లెవెల్ టెస్టు పెట్టి, ఎంతవరకు వచ్చో చూసి తరగతిలో కూర్చోబెట్టేవాళ్లం. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలని నిబంధన ఉంది. అది అమలయ్యేది మాత్రం హెడ్మాస్టరు గదిలో ఆయన మనసును బట్టే.

దసరా సెలవుల తర్వాత ఒక పొద్దున యూసుఫ్ భాయి అనే ఆయన పదమూడేళ్ల కూతురు నస్రీన్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. మిల్లులో ఫినిషింగ్ హౌస్‌లో, అంటే కాగితాన్ని కోసి, లెక్కపెట్టి, కట్టలు కట్టే చోట ఆయన పని. మిల్లు మూతపడినప్పుడు ఆ పిల్ల నాలుగో తరగతి. ఆయన కూలిపనికి నాగపూర్ వెళ్తూ భార్యనూ బిడ్డనూ బల్లార్షాలో అత్తగారింట్లో దింపాడు. అక్కడ బడి మరాఠీలో కాబట్టి చేర్చలేదు. ఆ పిల్ల పొద్దున ఒక ఉస్తానీమా, అంటే పంతులమ్మ దగ్గర ఖురాన్ చదువుకుంది, పగలు మేనమామ దర్జీ దుకాణంలో కాజాలు కుట్టింది. నాలుగేళ్లు అట్లాగే గడిచాయి.

హెడ్మాస్టరు గారు మంచిర్యాల వైపు మనిషి. కటువుగా మాట్లాడతారు గానీ చెడ్డవారు కాదు. కాగితాలు చూసి, "ఆరుల కూసోబెడ్దాం" అన్నారు.

యూసుఫ్ భాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, దీని ఈడు పిల్లలు ఎనిమిదిల ఉన్నరు. చిన్నపోరల నడుమ కూసోనంటాంది. ఆరైతే ఇంట్లనే మిషిన్ కుట్టుకుంటానంటది. జర సూడుండ్రి."

నస్రీన్ దుపట్టా కొంగును వేలికి చుట్టుకుంటూ, గోడ మీది పదో తరగతి ఫలితాల బోర్డు చదువుతోంది. తెలుగు చదవడం మరిచిపోలేదని నాకు అప్పుడే తెలిసింది.

నాకు మొదటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. "నిబంధన ఉంది కద సార్" అన్నాను.

"నిబంధన నాకు ఎరుకనే మేడం. ఎనిమిదిల కూసోబెడ్తం. రెండేండ్లకు పదో తరగతిల ఫెయిలైతే గా పిల్ల మొకం ఎవలు సూడాలె? మీరా, నేనా?"

జవాబు లేనప్పుడే నేను ఎక్కువ మాట్లాడతాను. ఆరు, ఏడు తరగతుల తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు ఈ పిల్లకు వచ్చని రుజువు చేస్తే ఎనిమిదిలో వేస్తారా అని అడిగేశాను. ఆయన క్యాలెండరు వైపు చూశారు.

"డిసెంబర్ ఆఖరి శనివారం దాకా టైము. ఒక్కో పాఠానికి ఒక్కో సంతకం. అన్ని సంతకాలున్న కార్డు నా టేబుల్ మీద పెట్టుండ్రి. ఒక్కటి తక్కువైనా ఆరే."

అట్లా మొదలైంది. నేను అట్టముక్కలు కోసి గళ్లు గీశాను. ఒక్కో గడిలో ఒక పాఠం పేరు, పక్కన సంతకానికి చోటు. పాఠం వచ్చిందని చూపించిన రోజు సంతకం, తర్వాతి పాఠం. మూడు రోజుల్లో వస్తే మూడు రోజులు, పది రోజులు పడితే పది. తెలుగు సారూ ఇంగ్లిషు మేడమూ గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఆ పిల్ల ఏ తరగతిలోనూ లేదు. లైబ్రరీ గదిలో పాత బీరువాల మధ్య ఒక బెంచీ వేసుకుని చదువుకునేది.

నా పద్ధతి నాకు గొప్పగా తోచింది. నస్రీన్‌కు అందులో కొత్తేమీ కనిపించలేదు. మొదటి రోజు కార్డు చేతికిస్తే, "సబక్ లెక్కనా మేడం?" అని అడిగింది. ఉస్తానీమా దగ్గరా అంతేనట. ఇచ్చిన పాఠాన్ని, అంటే సబక్‌ను, తడబడకుండా అప్పజెప్పినదాకా కొత్తది ఇవ్వదట. వస్తే పక్కా, తడబడితే కచ్చా. కచ్చా అయితే మర్నాడు మళ్లీ అదే.

"మరి ఆమోఖ్తా ఎప్పుడు వింటరు?" అంది.

"అదేంది?"

"పాత సబక్ మేడం. ఉస్తానీమా రోజు ముందుగాల పాతది వింటది, ఎన్కనే కొత్తది."

"ఒకసారి వచ్చినంక మళ్లీ ఎందుకు? సంతకం పెట్టినంక అయిపోయినట్టే" అన్నాను. ఆ పిల్ల మర్యాదకు తలూపింది గానీ మానలేదు. రోజూ ప్రార్థన గంటకు ముందు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, నేను అడక్కుండానే పాత పాఠంలోంచి ఒక లెక్క చేసి చూపించేది. నేను టిఫిన్ డబ్బా మూత తీస్తూ, సగం వింటూ, "మంచిది, మంచిది" అనేదాన్ని.

భిన్నాల పాఠం వచ్చింది. పదో తరగతిలోనూ సగం మంది తడబడేది అక్కడే. నస్రీన్ మాత్రం ఒక్క వారంలో వచ్చేసిందంది. నేను పది లెక్కలు ఇచ్చాను. రెండున్నరలోంచి ముప్పావు తీసెయ్, ఎనిమిదింట మూడుకు నాలుగింట ఒకటి కలుపు, ఇట్లాంటివి. ఒక్కటీ తప్పు పోలేదు. కాగితం మీద పెన్ను ఆన్చకుండానే రెండు మూడు చెప్పేసింది. దర్జీ దుకాణంలో అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేసి ఒక్కోదాన్ని సూత్ అంటారట. "ఎనిమిదింట మూడంటే మూడు సూత్‌లు, పావంటే రెండు. ఐదు సూత్‌లు మేడం" అంది. నాకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు. తెలుగు సారును పిలిచి మరీ చూపించాను. సంతకం పెట్టాను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పది లెక్కల్లో ఒక్కదాంట్లోనూ సగాలు, పావులు, ఎనిమిదో వంతులు తప్ప వేరే భిన్నం లేదు. అలవాటు కొద్దీ అట్లా ఇచ్చానా, హెడ్మాస్టరు గారి మీద గెలవాలని సులువైనవి ఏరానా, ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

డిసెంబరు ఆఖరి శనివారం. మూడు కార్డులూ నిండాయి. గళ్లన్నీ సంతకాలే. ఇంటర్వెల్‌లో హెడ్మాస్టరు గదికి వెళ్దామని లేచాను. గుమ్మంలో నస్రీన్. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మేడం, భిన్నాల సంతకం తీసేయుండ్రి."

"ఎందుకు?"

"నిన్న ఆమోఖ్తా చేసుకుంటుంటే పుస్తకంల పాఠం ఎన్క ఉన్న లెక్కలు సూసిన. మూడింట ఒకటి, ఐదింట ఒకటి కలుపమని ఉంది. రాలే. టేపు మీద మూడో వంతు లేదు మేడం. ఐదోది గూడ లేదు. నాకు టేపు మీద ఉన్నయే వస్తయి."

నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు, నా మీద. కానీ తిట్టింది ఆ పిల్లనే. "ఇవాళే ఆఖరు రోజని ఎరుకనా? ఒక్క సంతకం తక్కువైనా ఆరేనన్నడు సార్. నోర్మూసుకుని ఉండు. తర్వాత నేర్పిస్త" అన్నాను.

"సార్‌కు తెల్వది" అంది మెల్లగా. "నాకు ఎరుకనే గద మేడం."

ఇరవై ఏళ్లుగా ఎన్ని జవాబుపత్రాలు దిద్దానో. ఒక్క మార్కు కలపమని వచ్చిన పిల్లలే అందరూ. పెట్టిన సంతకం తీసేయమన్న పిల్లను అప్పుడే చూశాను. పైగా దానివల్ల తనకు ఏం పోతుందో ఆ పిల్లకు నాకంటే బాగా తెలుసు. భిన్నాల గడిలో నా సంతకం మీద అడ్డంగా గీత గీశాను. ఆ గీత గీసినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

హెడ్మాస్టరు గారు కార్డులు తిప్పి తిప్పి చూశారు. గీత దగ్గర ఆగారు. "ఇదేంది మేడం?"

జరిగింది చెప్పాను. నేను ఎట్లాంటి లెక్కలు ఇచ్చానో కూడా దాచలేదు. ఆయన నస్రీన్‌ని లోపలికి పిలిచారు.

"మూడింట ఒకటి, ఐదింట ఒకటి. కలిపితే ఎంత?"

"రాదు సార్. కచ్చా ఉంది."

ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. అయ్యో పాపమని షరతు మార్చే మనిషి కాదు. మార్చలేదు కూడా. "ఇయ్యాల శనివారం. స్కూలు నాలుగున్నరకు బందైతది. రేపు ఆదివారం, లెక్కల రాదు. సోమవారం పొద్దుగాల ప్రార్థన కంటె ముందు రా" అన్నారు. అది షరతు మార్చడమా కాదా అని నేను ఆయన్ని అడగలేదు.

ఆదివారం వాళ్లింట్లో ఏం జరిగిందో తర్వాత యూసుఫ్ భాయి చెప్పాడు. బిడ్డ టేపు ముందేసుకుని కూర్చుని ఏడుస్తోందట. ఆయన డ్యూటీ దిగి వచ్చి సంగతి అడిగాడట. "టేపు మీద లేకుంటే ఏమాయె బిడ్డా, కాయితం మీద ఉంటది. ఫికర్ చేయకు" అని ఒక తెల్లకాగితం తీసుకుని మూడు సమాన మడతలు వేశాడట. జీవితమంతా కాగితంతో గడిపిన చేతులు. ఐదు మడతలు వేయడం మనలాంటివాళ్లకు తల ప్రాణం తోకకొచ్చే పని. ఆయనకు రెండోసారికే కుదిరిందట. దాంట్లోని లెక్క మాత్రం ఆయనకు తెలియదు. మడతలు చూస్తూ చూస్తూ బిడ్డే కనుక్కుంది.

సోమవారం పొద్దున నస్రీన్ హెడ్మాస్టరు టేబుల్ మీద ఆ కాగితం పరిచింది. పొడవునా ఐదు మడతలు, అడ్డంగా మూడు. మొత్తం పదిహేను గళ్లు.

"మూడో వంతంటే ఐదు గళ్లు సార్. ఐదో వంతంటే మూడు గళ్లు. రెండు కలిపితే ఎనిమిది. పదిహేనింట ఎనిమిది."

"నాలుగింట ఒకటి, ఏడింట రెండు?" అన్నారాయన వెంటనే. ఆయనా ఒకప్పుడు లెక్కల సారే.

నస్రీన్ కొత్త కాగితం అడగలేదు. కళ్లు మూసుకుంది. గాలిలో వేళ్లతో మడతలు వేస్తున్నట్టు కనిపించింది. "ఇరవై ఎనిమిది గళ్లు. ఏడు, ఎనిమిది... పదిహేను సార్. ఇరవై ఎనిమిదింట పదిహేను."

ఆయన కార్డు నా వైపు జరిపారు. నేను గీత పక్కన మళ్లీ సంతకం పెట్టాను. అడ్మిషన్ రిజిస్టరులో ఎనిమిదో తరగతి అని ఆయనే స్వయంగా రాశారు. ఆ మడతల కాగితాన్ని మాత్రం ఆ పిల్లకు తిరిగివ్వలేదు. మర్నాటి నుంచి ఆయన టేబుల్ అద్దం కింద ఉండేది. ఆయన రిటైరైన రోజు దాన్ని తీసి నాకిచ్చారు.

ఆ జనవరి నుంచి నా కార్డుల మీద ఇంకో గడి చేరింది. దానికి ఆమోఖ్తా అనే పేరు పెట్టాను. సంతకమైన పాఠాన్ని నెల తర్వాత మళ్లీ విన్న రోజు ఆ గడిలో తేదీ వేస్తాను. ఇప్పుడు కరీంనగర్‌లో పనిచేస్తున్నా అదే పద్ధతి. కొత్తగా వచ్చిన టీచర్లు ఆ పేరేమిటని అడుగుతుంటారు.

నస్రీన్ పదో తరగతికి వచ్చేసరికి కరోనా వచ్చింది. 2021లో పరీక్షలు పెట్టలేదు, అందరినీ పాస్ చేశారు. బడులు మూసి ఉన్నాయి, నేను కరీంనగర్‌లో మా ఇంట్లో ఉన్నాను. ఫలితాలొచ్చిన రోజు చాలామంది పిల్లలు ఫోన్ చేశారు. అందరి గొంతులోనూ పండగే. నస్రీన్ ఫోన్ అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది.

"మేడం, పాస్ చేసిన్రు."

"సంతోషం బిడ్డా."

"పరీక్ష పెట్టలే గద మేడం. నాది పక్కానో కచ్చానో ఎట్ల తెలుస్తది? మీకు పరేషాన్ లేకుంటే జర వింటరా?"

ఆ రోజే అట్టముక్క ఒకటి కోసి పదో తరగతి లెక్కల పాఠాలకు పద్నాలుగు గళ్లు గీశాను. పొద్దున్నే ఆ పిల్ల ఫోన్ చేసేది, నేను లెక్క చెప్పేదాన్ని, పెన్ను కాగితం మీద గీసుకుంటున్న చప్పుడు వినబడేది. ఈసారి నేను టిఫిన్ డబ్బా తీయలేదు, సగం వినలేదు. ముందు ఆమోఖ్తా, తర్వాత సబక్. త్రికోణమితి దగ్గర తనే రెండుసార్లు కచ్చా అని ఫోన్ పెట్టేసింది. మూడోసారి వచ్చింది.

సంతకం పెట్టేది మేమే. పాఠం వచ్చిందో లేదో ముందు తెలిసేది మాత్రం పిల్లకే. ఆ తెలిసిన మాటను భయం లేకుండా మాకు చెప్పనిస్తే చాలు, మిగతాది నేర్చుకోడానికి పట్టే కాలం ఎటూ పడుతుంది. ఇన్నేళ్ల నౌకరీలో నేను నేర్చుకున్న పాఠం ఇది. నేర్పింది ఒక విద్యార్థి, ఆ విద్యార్థికి నేర్పింది నేను ఎన్నడూ చూడని బల్లార్షా ఉస్తానీమా.

ఆ పద్నాలుగు గళ్ల కార్డు, ఆ పదిహేను గళ్ల కాగితం నా బీరువాలో ఒకే కవరులో ఉన్నాయి. నస్రీన్ పదో తరగతి మెమో మీద ఏ గ్రేడు ఉందో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆ పిల్ల చెప్పలేదు, నేను అడగలేదు.