ఫ్యాన్ కాదని రాసివ్వమన్న పేషెంట్

2023 ఎండాకాలం. చైతన్యపురి మెట్రో స్టేషన్ దగ్గర ఒక జిరాక్స్ షాపు పైన మా ఫిజియోథెరపీ క్లినిక్. చుట్టూ కోచింగ్ సెంటర్లూ హాస్టళ్ళూ కాబట్టి నా పేషెంట్లలో సగం మంది పుస్తకాల మీద వంగి వంగి మెడ పట్టేసిన విద్యార్థులు. మిగతా సగం మోకాళ్ళ నొప్పులతో వచ్చే పెద్దవాళ్ళు. పన్నెండేళ్ళుగా ఇదే పని. మనిషి మెట్లెక్కి వచ్చే తీరు చూసి ఎక్కడ ఎంత నొప్పి ఉందో చెప్పగలనన్న ధీమా నాకుండేది. ఆ వేసవిలో అది బాగా చెదిరింది.

కృష్ణారావు గారిది తెనాలి. నడుము నొప్పితో వచ్చి, తగ్గిన తర్వాత నాకు ఇంకో పని అప్పగించారు. ఆయన ఒక చిన్న ప్రొఫెషనల్ రెజ్లింగ్ కంపెనీ నడుపుతున్నారు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర రేకుల షెడ్డులో ట్రైనింగ్, నెలకో ఆదివారం సాయంత్రం ఎల్బీ నగర్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో షో. షో జరిగినంతసేపు రింగు పక్కన ఫిజియో ఒకరు ఉండాలట. ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందే అనుకుని చేసే ఆటేననీ, కానీ పడటం మాత్రం నిజంగా పడతారనీ ఆయన చెప్పారు.

వెళ్ళి చూశాక ఆ మాట అర్థమైంది. రింగు మీద పరిచిన గుడ్డ కింద పలచటి స్పాంజి, దాని కింద ప్లైవుడ్ చెక్క. దాని మీద వెల్లకిలా పడటాన్ని వాళ్ళు బంప్ అంటారు. పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించుకోవాలి. రెప్పపాటు ఆలస్యమైతే తల వెనుక భాగం చెక్కకు కొట్టుకుంటుంది. నా కష్టం వేరే ఉంది. వీళ్ళ ఉద్యోగమే నొప్పి నటించడం. మొదటి షోలో రెండుసార్లు ఐస్ ప్యాక్ పట్టుకుని పరిగెత్తాను. రెండుసార్లూ కింద పడి మూలుగుతున్న మనిషి నన్ను చూసి కన్నుకొట్టాడు. అప్పుడు కృష్ణారావు గారు ఒక గుర్తు నేర్పారు. రిఫరీ రెండు చేతులూ తల పైన అడ్డంగా పెడితే నిజం దెబ్బ. లేకపోతే కదలక్కర్లేదు.

ఆ షెడ్డులో అందరికీ నేర్పేది యాదగిరి. నల్గొండ జిల్లా పల్లె నుంచి వచ్చి మీర్‌పేట్‌లో స్థిరపడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. రింగులో విలన్ వేషం. జనం చేత తిట్టించుకోవడం ఆయన పని, అది బాగా చేసేవాడు. బయట మాత్రం గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. శిష్యులకు చెయ్యి ఎక్కడ పెట్టాలో, బరువు ఎటు వెయ్యాలో ఎంత ఓపిగ్గా చెప్పేవాడో! ఒక్క విషయంలో మాత్రం కనికరం లేదు. ఫ్యాన్ అని తెలిస్తే షెడ్డులో ఉండనివ్వడు.

ఆ వ్యాపారంలో ఫ్యాన్‌ని మార్క్ అంటారు. బయట అభిమాని అంటే గౌరవం. లోపల మాత్రం మార్క్ అంటే ఎదుటివాడు ఏం చెప్పినా నమ్మేసే వెర్రివాడని అర్థం. ఆ మాట పడితే కొట్టుకునేదాకా పోయేవారు. నాకది వింతగా ఉండేది. చిన్నప్పటి నుంచి ఇష్టం లేనివాళ్ళు ఈ చెక్కల మీద నడుము విరగ్గొట్టుకోవడానికి ఎందుకొస్తారు? అయినా ఎవరిని అడిగినా, తమ్ముడు లాక్కొచ్చాడనో, జిమ్‌లో ఎవరో చెప్పారనో అనేవారు. ఇష్టపడి వచ్చానన్నవాళ్ళు ఒక్కరు లేరు.

మే నెల షోకి కృష్ణారావు గారు తుఫాన్ పహిల్వాన్‌ని పిలిపించారు. పాతికేళ్ళ కింద జిల్లాల్లో తిరిగి ఆడిన మనిషి, ఇప్పుడు అరవైకి దగ్గర. యాదగిరితో ఒక్క మ్యాచ్. అనుకున్నవి సరిచూసుకోవడానికి పహిల్వాన్ షెడ్డుకు వచ్చిన రోజున మౌనిక అనే ట్రైనీ వెళ్ళి సెల్ఫీ అడిగింది. ఇరవై రెండేళ్ళ కర్మన్‌ఘాట్ అమ్మాయి, కష్టపడే పిల్ల. యాదగిరి అందరి ముందూ ఆమె చేతిలో ఫోన్ తీసుకుని, స్విచాఫ్ చేసి తిరిగిచ్చాడు.

"టికెట్ కొనుక్కోని పోయి కుర్చీల కూసో. గీడ పనిచేసేటోళ్ళు ఉంటరు," అన్నాడు.

ఆ నెల షో నుంచి ఆమెను తీసేశారు. ఒక ఫోటోకి ఇంత శిక్షా అని నేను అడిగితే కోపం తెచ్చుకోలేదు. ఫ్యాన్ అయినవాడు ఎదుటి మనిషిని కళ్ళప్పగించి చూస్తాడనీ, చూస్తూ నిలబడితే పట్టు తప్పుతుందనీ, అప్పుడు ఎవరిదో ఒకరి మెడ విరుగుతుందనీ చెప్పాడు. వృత్తి తెలిసిన మనిషి మాటలా అనిపించి నేను మళ్ళీ అడగలేదు.

ఆదివారం హాలు నిండిపోయింది. పెళ్ళికూతురు గదే మా డ్రెస్సింగ్ రూమ్. అద్దం నిండా ఏ పెళ్ళివాళ్ళో అంటించి వెళ్ళిన బొట్టుబిళ్ళలు. చివరి మ్యాచ్ పహిల్వాన్‌దీ యాదగిరిదీ. ఐదు నిమిషాలు బాగానే సాగింది. పహిల్వాన్ కుడి చెయ్యి పైకెత్తి, వేళ్ళు విప్పి, హాలంతా కలియజూస్తూ ఒక చుట్టు తిరిగాడు. అది ఆయన పాత అలవాటట. పెద్దవాళ్ళు కుర్చీల్లోంచి లేచారు. తర్వాత యాదగిరిని ఎత్తి వేశాడు. అలాంటి బంప్ యాదగిరి వందలసార్లు వేసుంటాడు. ఈసారి వచ్చిన శబ్దం వేరు. రిఫరీ చేతులు తల పైన అడ్డంగా లేచాయి.

మెడకు కాలర్ వేసి, స్ట్రెచర్ మీద పెళ్ళికూతురు గదిలోకి తెచ్చాం. అంబులెన్స్ వచ్చేలోపు అడగాల్సిన ప్రశ్నలు కొన్నుంటాయి. తలకు దెబ్బ తగిలి మెదడు కుదుపుకు లోనైతే దాన్ని కన్‌కషన్ అంటారు. మనిషికి తానెక్కడున్నాడో, అప్పుడే ఏం జరిగిందో తెలుస్తోందా అన్నది ముందు చూడాలి. ఎక్కడున్నాం అని అడిగాను. నల్గొండలో, గ్రౌండ్‌లో అన్నాడు. ఎవరితో వచ్చారంటే మేనమామతో అన్నాడు. మ్యాచ్‌లో ఏమైందని అడిగాను. ఇంకా మొదలు కాలేదనీ, తన టికెట్ వెనక వరసదనీ, పోలీసాయన ముందుకు పోనివ్వట్లేదనీ చెప్పాడు. గొంతు ఆయనదే. మాట తీరు పద్నాలుగేళ్ళ పిల్లవాడిది.

గదిలో పదిమంది రెజ్లర్లున్నారు. ఎవరో నవ్వారు. పహిల్వాన్ ఒక పక్కన కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. యాదగిరి కళ్ళు ఆయన మీద ఆగాయి. తల కదలనివ్వలేదు నేను. ముంజేయి మాత్రం ఆయన వైపు చాపాడు.

"సార్, కాయితం లేదు. జర గీడనే సంతకం పెట్టుండ్రి. కడుక్కోను."

నవ్వు ఆగిపోయింది. పహిల్వాన్ కృష్ణారావు గారి వంక చూశాడు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంది. "మన లైన్ల గిట్ల అడగరు బేటా," అని మొహం అటు తిప్పుకున్నాడు.

కృష్ణారావు గారు నన్ను పక్కకు పిలిచారు. "ఇది వర్కేమోనమ్మా," అన్నారు. వర్క్ అంటే వాళ్ళ భాషలో నటన. పాతవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఇలా ఆటపట్టించుకుంటారట. అంబులెన్స్ వస్తే హాలు ముందు జనం గుమిగూడతారని ఆయన బాధ. నేనూ ఒక్క నిమిషం తటపటాయించాను. కంటిపాపలు సమానంగానే ఉన్నాయి. చేతుల పట్టు బాగుంది. అయితే నెలల పేర్లు వెనక్కి చెప్పమంటే రెండోదాని దగ్గరే ఆగిపోయాడు. అదీ నటించగలడు. ఏది చూసినా రెండు రకాలుగానూ కనిపిస్తోంది. చివరికి, ఆయన నటిస్తుంటే అంబులెన్స్ వల్ల నష్టం లేదు, నటించకపోతే పంపకపోవడం వల్ల ప్రాణం మీదికి వస్తుందని తేల్చుకుని పంపించాను. ఇప్పుడు రాస్తుంటే గట్టి నిర్ణయంలా ఉంది. అప్పుడు మాత్రం అంబులెన్స్ ఎక్కించేదాకా మళ్ళీ మళ్ళీ కంటిపాపలు చూస్తూనే ఉన్నాను.

అంబులెన్స్‌లో తోడుగా మౌనిక వచ్చింది. యాదగిరి చెప్పినట్టే టికెట్ కొనుక్కుని కుర్చీలో కూర్చుందట. సాగర్ రోడ్డు పొడుగునా ఆమె ఒకటే మాట అడిగింది. "మేడం, సార్ యాక్టింగ్ చేస్తున్నడా?" నాకు తెలియదన్నాను.

స్కాన్‌లో రక్తస్రావం లేదు. కన్‌కషనే. మర్నాటికి మనిషి తేరుకున్నాడు. హాల్లోకి వచ్చేవరకే గుర్తుంది, ఆ తర్వాత ఏమీ లేదు. మెడలో ఒక డిస్క్ పక్కకు జరిగి ఎడమ చేతికి తిమ్మిర్లు మొదలయ్యాయి. రెండు వారాల తర్వాత ఫిజియో కోసం నా దగ్గరికి వచ్చాడు.

మూడో రోజు మెడ కండరాలకు వ్యాయామం చేయిస్తుంటే, షెడ్డులో పిల్లలు తనను చూసి చేతులు చాపుతున్నారనీ, అడిగితే నవ్వుతున్నారనీ, ఆ రోజు తానేమన్నాడో చెప్పమనీ అడిగాడు. దాచడానికేముంది, అది ఆయన సంగతే కదా. ఉన్నదున్నట్టు చెప్పాను. వ్యాయామం ఆపి లేచి కూర్చున్నాడు.

"మేడం, నాకొక కాయితం రాసియ్యాలె. గవన్నీ దెబ్బకు అన్న మాటలని, నేను ఫ్యాన్ కాదని."

ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అలాంటి సర్టిఫికెట్ అడగలేదు. ఆ సాయంత్రం కృష్ణారావు గారు కూడా ఫోన్ చేసి అదే అన్నారు. పిల్లలు యాదగిరి మాట లెక్కచేయడం లేదట, నేను రాసిస్తే షెడ్డులో చదివి వినిపిస్తారట. రాత్రి భోజనాల దగ్గర మా వారికి చెబితే, ఒక కాగితంతో మనిషి పరువు నిలబడుతుందంటే రాసిచ్చెయ్యొచ్చుగా అన్నారు. నాకూ రాసివ్వాలనే ఉంది. ఏం రాయాలన్నదే తెలియలేదు. దెబ్బ వల్ల ఆయన కాలం మరిచాడు, చోటు మరిచాడు. అంతవరకు వైద్యం చెబుతుంది. కానీ మరిచినప్పుడు వెళ్ళిన చోటు ఉత్తదేనా?

మర్నాడు కాగితం ఇచ్చాను. దెబ్బ తగిలిన సమయంలో పేషెంటుకు స్థలమూ కాలమూ తెలియని స్థితి ఉంది, అది కన్‌కషన్‌లో సాధారణం. అంతే. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించాను.

"ఇందుల నేను ఫ్యాన్ కాదని ఏడున్నది?"

"అది తేల్చే పరీక్ష నా దగ్గర లేదండీ."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. బెంచీ మీదే కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. నల్గొండలో పహిల్వాన్ మ్యాచ్ చూడటం నిజమే. గేటు దగ్గర సంతకం కోసం నిలబడితే పోలీసు తోసేసిన మాటా నిజమే. పందొమ్మిదేళ్ళకు ట్రైనింగ్‌కి వెళ్ళి, ఎందుకొచ్చావంటే ఇష్టమని చెప్పాడు. ఇష్టమెంతో చూద్దామని సీనియర్లు నలుగురు, అనుకుని కొట్టేది కాకుండా, నిజంగానే కొట్టారు. భుజం ఎముక విరిగింది. అది మానాక ఇంకో ఊళ్ళో ఇంకో కంపెనీకి వెళ్ళి, అన్న పంపితే వచ్చానన్నాడు. ఆ తర్వాత ఆ మాట మార్చలేదు. పెళ్ళానిక్కూడా అదే చెప్పాడట.

చివరికి పడిన సంగతి చెప్పాడు. మ్యాచ్ మెల్లగా గుర్తుకొస్తోందట. పహిల్వాన్ చెయ్యెత్తి తిరిగాడు కదా, అప్పుడు తను కాళ్ళు సర్దుకుని గడ్డం లోపలికి పెట్టుకోవాలి.

"చూసుకుంట నిలవడ్డ మేడం. నేను చెప్పిందే నాకు జరిగింది. మౌనికను ఎల్లగొట్టుడు తప్పా, కాదా? నువ్వే చెప్పు."

ఆయన నియమం క్రూరమైనదని అనుకుంటూ వచ్చాను. అది నిజమని ఆయన మెడే చూపిస్తోంది. అయితే అదే ఇష్టం లేకపోతే ఆ మెడ ఇన్నేళ్ళు ఇన్ని దెబ్బలు ఎందుకు ఓర్చుకుంటుంది? ఏదో ఒకటి అనాలి కాబట్టి, చెయ్యి తిమ్మిరి తగ్గిందా అని అడిగాను.

ఎముకల డాక్టరు ఇక బంపులు వద్దన్నారు. షెడ్డులో నేర్పే పని చేయవచ్చు, దానికి ఇబ్బంది లేదని నేను రాసిచ్చాను. కృష్ణారావు గారు వేరే మనిషిని పెట్టుకున్నారు. మెడ వల్లనే అన్నారు. పిల్లల నవ్వుల వల్లనో, మెడ వల్లనో నాకు ఇప్పటికీ తెలియదు. యాదగిరి వనస్థలిపురంలో ఒక జిమ్‌లో చేరాడు. నేనిచ్చిన కాగితం ఎవరికీ చూపించలేదని మౌనిక చెప్పింది.

ఆ డిసెంబరు షోలో మౌనికకు మొదటిసారి రింగులోకి దిగే అవకాశం వచ్చింది. నేను రింగు పక్కన నా కుర్చీలో ఉన్నాను. వెనక నుంచి తెలిసిన గొంతు అరుస్తోంది. తిరిగి చూస్తే మూడో వరసలో యాదగిరి, పక్కన భార్య. కుర్చీ అంచున కూర్చుని, మెడ నరాలు ఉబ్బేలా మౌనిక పేరు పిలుస్తున్నాడు. రింగు మూలన నిలబడ్డ రెజ్లర్లు ఆయన్ని చూసి ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకుంటున్నారు. ఆయన చూశాడో లేదో.

విరామంలో వెళ్ళి, మెడకు అంత శ్రమ మంచిది కాదని మందలించాను. మౌనికది విరామం తర్వాత ఇంకో మ్యాచ్ ఉంది, అది చూసి వెళ్ళిపోతానన్నాడు. ఎవరు గెలుస్తారో మీకు తెలియనిదా అన్నాను.

"తెల్వది మేడం. నాకు చెప్పొద్దని అందరికి చెప్పిన."

నవ్వుతున్నాడో, బాధపడుతున్నాడో ఆ మొహం చూసి చెప్పలేకపోయాను. ఆ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. పేషెంటు చెప్పిన మాటను ముందు ఉన్నదున్నట్టు రాసుకుంటాను. అందులో జబ్బు ఎంత, మనిషి ఎంత అన్నది తేల్చడానికి తొందరపడను. కొన్నిసార్లు తేలదు కూడా. రింగు మీది లైట్లు మళ్ళీ వెలిగాయి. నా కుర్చీకి వచ్చి కూర్చున్నాను.